శనివారం మంత్రాల పీరియడ్



మన వడ్లమూడి బ్రాంచ్‌లో శనివారం మధ్యాహ్నం యాక్టివిటీ పీరియడ్‌లో ఆరో తరగతి పిల్లలతో నేనొక ఆట ఆడిస్తున్నాను. ఇంటికొచ్చాక పిల్లలు దాన్ని ‘మంత్రాల పీరియడ్’ అని చెబుతున్నారట. మొన్న పేరెంట్స్ మీటింగ్‌లో నలుగురైదుగురు దీని గురించే అడిగారు. ఒక నాన్నగారు, "మేడమ్, ఇంగ్లిష్ టీచరు మంత్రాలు నేర్పడమేంటండీ?" అన్నారు. నవ్వుతూనే అడిగారు గానీ ఆ నవ్వు వెనకాల నాకు ఫీజు రసీదు కనబడింది. అడగడంలో తప్పేమీ లేదు. అందుకే ఈ నెల న్యూస్‌లెటర్‌లో ఒక పేజీ రాయమనగానే సరేనన్నాను. ఆట గురించి రాస్తాను. ఆ ఆటలో నేను చేసిన ఒక తప్పు గురించి కూడా రాస్తాను. రెండోది రాయకపోతే మొదటిది రాయడం అన్యాయం.

ముందు ఆట. దీన్ని టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ గేమ్ అంటారు. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు కలిసి ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అనే ఆట తెచ్చారు. ఈ రకం ఆటలకు అదే పెద్దన్న. దీనికి ఫోన్ అక్కర్లేదు, బోర్డు కూడా ఉండి తీరాలని లేదు. ఐదారుగురు గుండ్రంగా కూర్చుంటారు. ఒకరు కథ నడుపుతారు, ఆయన్ని డంజన్ మాస్టర్ అంటారు. మిగిలినవాళ్ళకు తలా ఒక పాత్ర. ఒకడు కత్తి వీరుడు, ఒకమ్మాయి వైద్యురాలు, ఇంకొకరు మంత్రగాడు. "మీ ముందు కాలువకు గండి పడింది, అవతల ఊళ్ళో దీపాలు మిణుకుమంటున్నాయి, ఏం చేస్తారు?" అని కథ నడిపేవాళ్ళు అడుగుతారు. ఏం చేస్తారో పిల్లలు చెప్పాలి, అదీ ఇంగ్లిష్‌లో. చెప్పింది కుదిరిందో లేదో పాచిక తేలుస్తుంది.

నేను బీఈడీ చదివే రోజుల్లో డల్లాస్ నుంచి మా పెద్దమ్మ కొడుకు సంక్రాంతికి వచ్చి, ఇరవై ముఖాలున్న పాచికొకటి, ఒక లావుపాటి పుస్తకం తెచ్చాడు. ముగ్గు వెయ్యడానికి పిలిచినా లేవకుండా మూడు రోజులు ఆడాం. ఆ పుస్తకం నా దగ్గరే ఉండిపోయింది. (అన్నయ్య ఇది చదివితే అడుగుతాడేమో, ఇవ్వను.) క్లాసులో నలభై మందికి అలాంటి పాచికలు ఎక్కడ తెస్తాం? ఒకటి నుంచి ఇరవై దాకా చీటీలు రాసి పాత టిఫిన్ బాక్సులో వేసి పెట్టాను. చెయ్యి పెట్టి ఒకటి తియ్యడమే.

ఇక మంత్రాలు. ఈ ఆట 2014 ఎడిషన్‌లో మంత్రాలు రెండు రకాలుగా ఉంటాయి. ఒక రకం కట్టుదిట్టం. ‘ఫైర్‌బాల్’ ఉంది. అది నూటయాభై అడుగుల దూరం దాకా వెళుతుంది, పడ్డచోట చుట్టూ ఇరవై అడుగుల మేర మంటలు లేస్తాయి, ఆరు ముఖాల పాచికలు ఎనిమిది వేసి ఎంత దెబ్బ తగిలిందో లెక్క కడతారు. ఇందులో వాదనకు చోటు లేదు, లెక్కల మాస్టారు దిద్దినట్టు దిద్దెయ్యొచ్చు. రెండో రకం మంత్రాలకు హద్దు మాత్రమే ఉంటుంది, లోపల ఏం చేస్తావో నీ ఇష్టం. ‘కమాండ్’ అనే మంత్రంలో ఎదుటివాడికి ఒకే ఒక్క మాటలో ఆజ్ఞ ఇవ్వాలి. ఆగు, పారిపో, వదిలెయ్ లాంటివి పుస్తకంలో కొన్ని ఇచ్చారు, ఇంకేదైనా మాట వాడితే ఏమవుతుందో డంజన్ మాస్టర్ చెప్పాలి. ‘సజెషన్’లో ఒకటి రెండు వాక్యాల్లో ఒప్పించాలి, ఆ వాక్యాలు వినడానికి సబబుగా ఉండాలి. ‘సెండింగ్’లో ఎంత దూరాన ఉన్నవాళ్ళకైనా కబురు పంపొచ్చు, కానీ ఇరవై ఐదు మాటలు దాటకూడదు. ‘ప్రెస్టిడిజిటేషన్’ అని ఇంకొకటి ఉంది, మురికి బట్ట శుభ్రం చెయ్యొచ్చు, చల్లారిన అన్నం వేడి చెయ్యొచ్చు. దాని పేరు పలకడమే పెద్ద మంత్రం.

ఇది చూడగానే ఇంగ్లిష్ టీచరుకు ఏమనిపిస్తుందో మీరే ఊహించండి. ఒక మాట, రెండు వాక్యాలు, ఇరవై ఐదు మాటలు. నేను బోర్డు మీద రాసి ‘డు యాజ్ డైరెక్టెడ్’ అని ఇస్తే ఆవులించే పిల్లలు, ఒక రాక్షసుడికి ఇరవై ఐదు మాటల్లో కబురు పంపడానికి ఇరవై ఆరో మాట ఏది కొట్టెయ్యాలా అని పోట్లాడుకున్నారు. ‘ద’ తీసేద్దామా వద్దా అని పావుగంట గొడవ. ఆర్టికల్స్ మీద ఇంత శ్రద్ధ నేను ఎన్నడూ చూడలేదు.

1987లో వచ్చిన ‘ఆర్స్ మాజికా’ అనే ఆటలో ఇంకో పద్ధతి ఉంది. అందులో మంత్రాలన్నీ లాటిన్ మాటలతో అల్లుకోవాలి. ఐదు క్రియలు, పది నామవాచకాలు. సృష్టించు, తెలుసుకో, మార్చు, నాశనం చెయ్, అదుపు చెయ్ అనేవి క్రియలు. నీరు, గాలి, నిప్పు, నేల, మొక్క, జంతువు, శరీరం, మనసు, రూపం, మంత్రశక్తి అనేవి నామవాచకాలు. ఒక క్రియ, ఒక నామం కలిపితే మంత్రం. అంటే వెర్బూ ఆబ్జెక్టూ! దాన్ని చార్టుగా రాసి గోడకు అంటించాను. మొదటి రెండు వారాలు మగపిల్లలందరూ ‘డిస్ట్రాయ్’ తప్ప వేరే క్రియ ముట్టుకోలేదు. నిప్పును నాశనం చెయ్, నేలను నాశనం చెయ్, చివరికి గాలిని కూడా. గాలి పోతే నువ్వెలా బతుకుతావురా అంటే అప్పుడు తల గోక్కున్నారు. ‘తెలుసుకో’ అనే క్రియను చాలాకాలం ఎవ్వరూ పట్టించుకోలేదు.

ఈ హద్దుల్లేని మంత్రాలన్నిటికీ అమ్మమ్మ లాంటిది ‘విష్’. కోరిక. ఏం కావాలంటే అది నోటితో అడగొచ్చు. అసలు ఆటలో మంత్రగాడు పదిహేడో లెవెల్‌కు చేరితే గానీ ఇది చేతికి రాదు. మా పిల్లలకు అన్ని శనివారాలు లేవు కాబట్టి ఒక్కో గ్రూపుకు ఒక్కో విష్ ఇచ్చాను. 2014 ఎడిషన్ పుస్తకంలో దీనికి రెండు కట్టుబాట్లు పెట్టారు. కోరిక ఎంత పెద్దదైతే అది బెడిసికొట్టే అవకాశం అంత ఎక్కువ. శత్రువు చనిపోవాలని కోరుకుంటే, వాడు ముసలివాడై పోయిన తర్వాతి కాలానికి నిన్నే తోసెయ్యొచ్చని పుస్తకమే ఉదాహరణ ఇచ్చింది. రెండోది, అలా స్వేచ్ఛగా కోరుకున్నాక ఆ మంత్రం ఇక జన్మలో పలక్కుండా పోయే అవకాశం నూటికి ముప్పై మూడు వంతులు. మేం దాన్ని మూడు చీటీలు చేశాం. ఒకదాని మీద కాటా గుర్తు, రెండు ఖాళీ. కోరిక అడిగినవాళ్ళు ఒకటి తియ్యాలి.

పిల్లలకు దీన్ని వివరించడానికి నేను పెద్దగా కష్టపడలేదు, మన ఇళ్ళల్లో ఇవన్నీ ఉన్నవే కదా. భస్మాసురుడు తలమీద చెయ్యి పెడితే బూడిదైపోవాలన్నాడు, ఎవరి తల మీద అన్నది ఆలోచించలేదు. రావణుడు దేవతల నుంచీ రాక్షసుల నుంచీ చావు వద్దన్నాడు, మనుషుల్ని లెక్కలోకే తీసుకోలేదు. హిరణ్యకశిపుడైతే లాయరు నోటీసు రాసినట్టు అడిగాడు. మనిషీ కాదు, మృగమూ కాదు. పగలూ కాదు, రాత్రీ కాదు. ఇంటా కాదు, బయటా కాదు. మంగళగిరి కొండెక్కి పానకం తాగొచ్చిన పిల్లలే అందరూ, ఆ సందుల్లోంచి నరసింహస్వామి ఎలా వచ్చాడో నాకంటే బాగా చెప్పారు. ‘నైదర్... నార్’ పాఠం ఆ రోజు హిరణ్యకశిపుడి వరంతోనే చెప్పాను. యూనిట్ టెస్టులో ఆ ప్రశ్న ఎవరూ వదిలెయ్యలేదు.

పక్కనే ఉన్న తెనాలి సంగతీ చెప్పాను. ‘పాతాళ భైరవి’ సినిమాను, ‘చందమామ’ను నాగిరెడ్డి గారితో కలిసి నిలబెట్టిన చక్రపాణి గారిది తెనాలి. చందమామను ఏళ్ళ తరబడి నడిపించిన కొడవటిగంటి కుటుంబరావు గారిదీ తెనాలే. 1951లో వచ్చిన ‘పాతాళ భైరవి’లో ఆ బొమ్మ ఏమడిగితే అది ఇస్తుంది. తోట రాముడి చేతిలో ఉంటే మేడ కట్టిస్తుంది, అదే బొమ్మ నేపాళ మాంత్రికుడి చేతికి వెళితే ఆ మేడతో సహా రాకుమారిని ఎత్తుకుపోతుంది. ఎందుకని అడగదు. ఎవరి చేతిలో ఉంటే వాళ్ళ మాటే దానికి చట్టం. సినిమాలో ఆ ముక్క చూపించినప్పుడు ఒక బాబు, "మేడమ్, ఈ కథకి డంజన్ మాస్టర్ లేడు, అందుకే ఇలా అయ్యింది" అన్నాడు. చాలా తెలివైన మాట అని మెచ్చుకున్నాను. డంజన్ మాస్టర్ ఉంటే అన్నీ సవ్యంగా జరుగుతాయని నేనూ నమ్మాను, ఆ డంజన్ మాస్టర్ని నేనే కాబట్టి.

ఇప్పుడు నా తప్పు.

ఆ శనివారం కథలో ఒక కొండ మీద ఊరు. చుట్టూ వరదనీళ్ళు. ఊళ్ళో వాళ్ళు మూడు రోజులుగా పస్తులున్నారు. గాదెలో చూస్తే బస్తాలకు చిల్లులు, అడుగున నాలుగు గింజలు. చిల్లుల సంగతి ఏదో కథలో కాస్త కళ రావడానికి చెప్పాను, నేనే మర్చిపోయాను కూడా. గ్రూపులో మంత్రగత్తె పాత్ర ఒక పాపది. మంచి పిల్ల, నోట్స్ ముత్యాల్లా రాస్తుంది, క్లాసులో మాత్రం పిలిస్తే తప్ప మాట్లాడదు. ఐదో తరగతి దాకా ఊళ్ళో తెలుగు మీడియంలో చదివి వచ్చింది. ఆ రోజు తనంతట తానే చెయ్యెత్తింది. లేచి నిలబడింది. విష్ వాడతానంది. క్లాసంతా నిశ్శబ్దం.

"ఐ విష్... స్నేక్స్ ఫర్ ఎవ్రీబడీ" అంది.

స్నాక్స్ అనాలనుకుంది. మన పిల్లల్లో ఎంతమంది డైరీలో ‘స్నాక్స్ బాక్స్’ అని రాయబోయి ‘స్నేక్స్ బాక్స్’ అని రాస్తారో ఇంగ్లిష్ టీచర్లందరికీ తెలుసు. ఆ పాప ఏమనుకుందో ఆ గదిలో నాకంటే బాగా ఎవరికీ తెలియదు. అయినా నేను, డంజన్ మాస్టర్ గొంతు పెట్టి, రెండు చేతులూ చాచి, "గ్రాంటెడ్! స్నేక్స్ ఫర్ ఎవ్రీబడీ! ఒక్కొక్కరి ఒళ్ళో ఒక్కొక్క పాము!" అన్నాను.

క్లాసు పగలబడి నవ్వింది. బల్లలు కొట్టారు. అంతలో బెల్లు మోగింది. నిజం చెబుతున్నాను, స్టాఫ్ రూమ్‌కు వెళ్ళేదాకా నా సమయస్ఫూర్తికి నేనే మురిసిపోయాను. ఆ పాప మొహం ఎలా ఉందో గుర్తు తెచ్చుకుందామంటే గుర్తు రాదు. చూడలేదు కాబట్టి.

తరువాత రెండు వారాలు ఆ పాప తలెత్తలేదు. నేను యూనిట్ టెస్టుల దిద్దుబాటులో ఉండి పట్టించుకోలేదు. పేరెంట్స్ మీటింగ్‌కు వాళ్ళ అమ్మానాన్నలకు పొలంలో పని ఉండి నాయనమ్మ గారు వచ్చారు. ప్రోగ్రెస్ కార్డు ఇచ్చి, మార్కులు బాగానే వచ్చాయండీ అన్నాను. ఆవిడ కార్డు మడిచి సంచిలో పెట్టుకుని, కుర్చీ ముందుకు లాక్కున్నారు.

"టీచరమ్మా, పిల్ల బస్సెక్కనంటోంది. బస్సులో స్నేక్, స్నేక్ అని పిలుస్తున్నారంట. స్నేక్ అంటే పామేగా?"

అవునండీ అన్నాను.

"ఆకలితో ఉన్నోళ్ళకి చిరుతిళ్ళు పెట్టమని అడిగిందంటగా మా పిల్ల. మీకర్థం కాలేదా?"

"అర్థమైందండీ. ఊరికే ఆటలో..."

"అర్థమయ్యాక కూడా పాములిచ్చారా?"

నాకు మాట రాలేదు. ఆవిడ కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. "కుంభకర్ణుడి నాలిక మీద సరస్వతి కూచుందంటారు చూడండి. ఇంద్రాసనం అడగబోయి నిద్రాసనం అన్నాడంట పాపం. వాడు రాక్షసుడు, లోకాలకి చేటు చేస్తాడని దేవతలు భయపడి చేశారు. మా పిల్లకెందుకమ్మా భయపడ్డారు మీరు?" అన్నారు. తరువాత నా చెయ్యి పట్టుకుని, "చిన్నపిల్లవి నువ్వు కూడా, ఏం అనుకోకు" అని లేచి వెళ్ళిపోయారు. మీరు నుంచి నువ్వుకు మారడంలో ఉన్న ఆ దయ నన్ను ఇంకా కుంగదీసింది.

ఆ రాత్రి పుస్తకం తీసి విష్ పేజీ మళ్ళీ చదివాను. కోరికను డంజన్ మాస్టర్ మెలిపెట్టొచ్చని ఉంది కదా, నేను రూలు ప్రకారమే చేశానని ఎవరైనా అంటే కాదనలేం. కానీ ఆ మెలిక ఎవరి కోసం? అత్యాశకు. లోకమంతా నాకే కావాలన్నవాడికి. మా క్లాసులో ఒకడు "నాకు ఇంకో వంద విష్‌లు కావాలి" అన్నాడు, వాడికి మెలిక పడాల్సిందే, వాడు కూడా నవ్వుకున్నాడు. పరాయి భాషలో నాలుక తడబడ్డ పిల్లకు అదే మెలిక వేస్తే అది రూలు కాదు, బలం ఉన్నవాళ్ళు బలం చూపించడం. కట్టుదిట్టమైన మంత్రానికి పుస్తకం కాపలా. హద్దు లేని మంత్రానికి కాపలా ఎవరంటే, వినేవాళ్ళ మనసొక్కటే. అది సరిగ్గా లేకపోతే పిల్లలు తెలివిగా ఒకటే నేర్చుకుంటారు: ఫైర్‌బాల్ వెయ్యి, అది సేఫ్. లేదంటే నోరు మూసుకో, అది ఇంకా సేఫ్.

నిజానికి నాకిది కొత్త కాదు. ఉద్యోగానికి డెమో క్లాసు చెప్పినప్పుడు ‘డిటర్మిన్’ అనాల్సింది ‘డిటర్మైన్’ అన్నాను. వెనక బెంచీలో కూర్చున్న ఒక పెద్దాయన పక్కాయన వైపు చూసి పెదవి విరిచారు. అంతే. ఆయన పేరు కూడా నాకు తెలియదు. ఈ రోజుకీ ఆ మాట వస్తే నేను ‘డిసైడ్’ అనేస్తాను. గుంటూరులో బీఈడీ పూర్తి చేసి, చైల్డ్ సైకాలజీ పేపర్లో మంచి మార్కులు తెచ్చుకుని, ఆ పెద్దాయన పని నేను ఒక పదకొండేళ్ళ పిల్లకు చేశాను.

తరువాతి శనివారం ఆట మొదలుపెట్టే ముందు, పోయినసారి మంత్రగత్తె కోరింది స్నాక్స్ అని నాకు తెలుసు, తెలిసే పాములిచ్చాను, అది డంజన్ మాస్టర్ చేసిన తొండి అని క్లాసు ముందు చెప్పాను. తొండి అన్న మాటకు పిల్లల దగ్గర చాలా విలువ ఉంది. ‘సారీ’ అంటే వాళ్ళు పట్టించుకోరు, ‘తొండి ఆడాను’ అంటే అందరూ తలెత్తారు. బస్సులో మారుపేరు పెట్టి పిలిచేవాళ్ళతో విడిగా మాట్లాడాను, బస్సు ఆయమ్మకూ చెప్పాను. వెంటనే ఆగిందని చెప్పను. మెల్లగా ఆగింది.

ఆటలో రూలు కూడా మార్చాం. ఇప్పుడు హద్దు లేని మంత్రం ఎవరు వేసినా, ముందు వాళ్ళకు ఏం కావాలో తెలుగులో చెప్పాలి. తరువాత ఇంగ్లిష్‌లో చెప్పాలి. విన్నది నేను తిరిగి చెబుతాను, "నువ్వు అడిగింది ఇదేనా?" అని. అవునంటేనే మంత్రం పారుతుంది. మధ్యలో మాట మార్చుకోవచ్చు, ఎన్నిసార్లయినా. దీనికి వెల ఉండదని కాదు. పెద్ద కోరికకు పెద్ద వెల ఉంటుంది, అది కూడా ముందే చెబుతాను: "వాన ఆగుతుంది, కానీ మీ ఊరి చెరువు కూడా ఎండుతుంది, సరేనా?" అని. అప్పుడు బేరం మొదలవుతుంది. అసలు ఇంగ్లిష్ అక్కడ వస్తుంది. ‘అన్‌లెస్’, ‘ఓన్లీ ఇఫ్’, ‘అంటిల్’ లాంటి మాటలు నేను నేర్పకముందే వెతుక్కుంటున్నారు, అవసరం కాబట్టి.

ఫీజు రసీదు నాన్నగారికి ఇక్కడ సమాధానం చెప్పాలి. ఈ ఆటతో మార్కులు ఎన్ని పెరిగాయని అడిగితే నా దగ్గర లెక్క లేదు. ఐఐటీ ఫౌండేషన్ పీరియడ్‌లో ఒక్క నిమిషం కూడా దీనికి తీసుకోవడం లేదు, ఇది శనివారం నలభై నిమిషాలు మాత్రమే. నాలుగు ఆప్షన్ల ప్రశ్నలను నేను తక్కువ చేయను, వాటి అవసరం వాటిదే. కానీ మొదట్లో "ఇప్పుడు మీరేం చేస్తారు?" అని అడిగితే మన పిల్లలు "మేడమ్, ఆప్షన్స్ చెప్పండి" అన్నారు. ఒకమ్మాయి "ఇది నోట్స్‌లో ఉందా మేడమ్?" అంది. ఇప్పుడలా అడగడం లేదు. గోల మాత్రం ఉంది, ఒప్పుకుంటాను. పక్క క్లాసు మేడమ్ రెండుసార్లు తలుపు కొట్టారు. నలభై మందిని ఏడు గుంపులు చేసి నేనొక్కదాన్నే కథ నడపలేక, తొమ్మిదో తరగతి పిల్లల్ని డంజన్ మాస్టర్లుగా పిలిచాను. వాళ్ళకు మొదటి రోజు నేర్పింది పాచికలు కాదు, "నువ్వు అడిగింది ఇదేనా?" అన్న ఆ ఒక్క ప్రశ్న. ఇళ్ళల్లో మీరు కూడా ఆ ప్రశ్న వాడి చూడొచ్చు. ఇంటికొచ్చిన చుట్టాల ముందు పిల్లలు ఇంగ్లిష్‌లో ఏదో తప్పు మాట అంటే, సరిచెయ్యబోయే ముందు.

ఆ పాప సంగతి. క్షమాపణ చెప్పగానే నోరు విప్పిందని రాస్తే బాగుంటుంది గానీ, విప్పలేదు. మూడు శనివారాలు చీటీల డబ్బా పట్టుకుని కూర్చుంది, అందరికీ చీటీలు అందించింది, తన వంతు వస్తే ‘పాస్’ అంది. నేను బలవంతం చెయ్యలేదు. నాలుగోవారం సెండింగ్ మంత్రాన్ని నోటితో కాకుండా కాగితం మీద రాసి ఇవ్వొచ్చని అందరికీ చెప్పాను. పీరియడ్ అయిపోయాక నా టేబుల్ మీద ఒక మడత పెట్టిన కాగితం ఉంది. మూలన చిన్నగా 25 అని వేసి ఉంది, లెక్కపెట్టుకుందన్నమాట. కబురు కొండమీది ఊరి పెద్దకు. ఆ పాములను చంపొద్దని, మీ బస్తాలకు చిల్లులు పెట్టింది ఎలుకలేనని, పాములు ఎలుకలను తింటాయని, వడ్లు మిగులుతాయని రాసింది. ఒక స్పెల్లింగ్ తప్పు. స్నేక్స్ మాత్రం సరిగ్గా రాసింది.

ఆ చిల్లులు నేను మర్చిపోయాను, తను మర్చిపోలేదు. పిలిచి, ఎలుకల సంగతి నీకెలా తెలుసమ్మా అని అడిగాను. "మా పొలం గట్టు మీద పాము కనబడితే నాయనమ్మ కొట్టనివ్వదు మేడమ్. ఎలకల్ని పడతాయంట" అంది. (దయచేసి ఇది చదివి ఎవరూ నిజం పాముల జోలికి వెళ్ళకండి, గట్ల మీద నడిచే పిల్లలకు చెప్పులు, చేతిలో టార్చి తప్పనిసరి.)

తరువాతి వారం ఆ కబురు చదివి వినిపించాను, పేరు చెప్పకుండా. ఊరి పెద్ద ఒప్పుకుంటాడా లేదా అని క్లాసంతా వాదించింది. ఒళ్ళో పాము ఉన్నవాడు ఎలా ఒప్పుకుంటాడని ఒకడు. గాదెలోకి వదిలేస్తే ఒళ్ళో ఎందుకుంటాయని ఇంకొకడు. ఎప్పుడూ డిస్ట్రాయ్ అనే బాబు ఈసారి గోడ మీద చార్టు చూసి ‘తెలుసుకో, జంతువు’ అన్నాడు, ఆ పాముల్లో విషం లేనివి ఏవో ముందు కనుక్కుందామని. ఊరి పెద్ద ఒప్పుకున్నాడు. వరద తీసేసరికి గాదెలో గింజ మిగిలింది.

వాదన సద్దుమణిగాక ఆ పాప చెయ్యెత్తింది. "మేడమ్, ఆ రోజు బెల్లు కొట్టేశారు. నేను విష్ చీటీ తియ్యలేదు" అంది.

నిజమే. కాటా గుర్తు ఒకటి, ఖాళీవి రెండు. డబ్బా ముందు పెట్టాను. కళ్ళు మూసుకుని ఒకటి తీసి, నాకివ్వకుండా తనే విప్పి చూసుకుంది. ఖాళీ చీటీ. అంటే విష్ ఇంకా తన దగ్గరే ఉంది.

ఈ వ్యాసం రాసే రోజుకు దాన్ని ఇంకా వాడలేదు. ఏం కోరుకుంటావని గ్రూపు మొత్తం పీడిస్తుంటే, ముందు తెలుగులో రాసుకుంటున్నానని చెప్పిందట.